వింటికొప్పు దగ్గర చెక్క ఎంత తీయాలి, ఎప్పుడు తీయాలి

ఎక్కుపెట్టిన చెక్కవిల్లును పక్కనుంచి చూస్తే కన్ను రెక్కల నడుమ వంపు మీదే పడుతుంది. కొసల దగ్గర చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. చివరి ఐదారు అంగుళాలు దాదాపు తిన్నగా, ఏ పనీ చేయనట్టు ఉంటాయి. కానీ బాణం ఎంత జోరుగా పోతుందో, వదిలాక ఎడమచెయ్యి ఎంత అదురుతుందో చాలావరకు తేల్చేది ఆ ఐదారు అంగుళాలే. కొత్తగా విల్లు చెక్కేవాళ్లు అక్కడ రెండు తప్పులు చేస్తారు, రెండూ ఒకదానికొకటి ఎదురు. విరుగుతుందన్న భయంతో కొసను లావుగా వదిలేయడం ఒకటి. తేలిక చేద్దామని పొట్టవైపు నుంచి గీకి గీకి పలచన చేసేయడం ఇంకొకటి. మొదటి విల్లు చేతిని కొడుతుంది. రెండోది కొరడాలా వంగి, నారి తీసినా ఆ వంపు పోదు.

ముందు మాటలు కుదుర్చుకుందాం. నారి తగిలించే కొసకు తెలుగులో వింటికొప్పు అని పాత మాట ఉంది. సంస్కృతంలో అదే ధనుష్కోటి. రామేశ్వరం అవతల 1964 తుపాను ఊడ్చేసిన ఊరి పేరుగానే మనకు తెలుసు గానీ, ఆ పేరుకు అర్థం విల్లు కొస. పిడికి పైనా కిందా వంగే భాగాలను ఇక్కడ రెక్కలు అంటాను. గురివైపు ఉండే ముఖం వీపు, విలుకాడి వైపు ఉండేది పొట్ట. విల్లు లాగినప్పుడు వీపు సాగుతుంది, పొట్ట నలుగుతుంది. రెండు రెక్కలూ సమంగా, ఉండవలసిన చోట ఉండవలసినంత వంగేలా పొట్టవైపు కొద్దికొద్దిగా చెక్క తీస్తూ పోవడమే టిల్లరింగ్.

లెక్కలకు ఒకే విల్లును ఉదాహరణగా పట్టుకుందాం: 68 అంగుళాల హికరీ ఫ్లాట్‌బో, అంటే బల్లపరుపు రెక్కల విల్లు. దాన్ని 28 అంగుళాలు లాగి పట్టుకోవడానికి కావలసిన బలం 40 పౌండ్లు, అంటే సుమారు 18 కిలోలు. ఈ బలాన్నే లాగుడు బరువు అంటాను. పిడి నాలుగంగుళాలు, దానికి అటూ ఇటూ రెండేసి అంగుళాల వాలు. వాలు దాటాక రెక్క సగం వరకు 45 మి.మీ. వెడల్పు, అక్కడినుంచి కొప్పు దాకా తిన్నగా సన్నబడటం. హికరీ ఉత్తర అమెరికా చెట్టు, అక్కడ గొడ్డలి పిడులకూ సుత్తి పిడులకూ పేరుపడ్డ కలప. అక్కడ ఉండే తెలుగువాళ్లకు కలప దుకాణంలో దొరుకుతుంది. పలకను ఎంచేటప్పుడు నారగీతలు ఈ కొసనుంచి ఆ కొసకు పక్కకు జారకుండా సాగాయా లేదా అన్నది ఒక్కటి మాత్రం రాజీ లేకుండా చూడాలి. 45 మి.మీ. వెడల్పు ఉన్నచోట గీత కాస్త పక్కకు పోయినా చెక్క ఓర్చుకుంటుంది. కొసను 10 మి.మీ.కు తెచ్చాక అదే గీత ఒక అంచున మొదలై రెండో అంచున బయటపడుతుంది, చీలిక అక్కడే మొదలవుతుంది.

కొసలో ఒక గ్రాము ఖరీదు

బాణం వదిలినప్పుడు రెక్క అంతా ఒకే వేగంతో కదలదు. పిడి పక్కన దాదాపు కదలికే ఉండదు, కొస మాత్రం చాలా దూరం పరిగెడుతుంది. సులువు కోసం రెక్కను మడతబందుకు వేలాడే తలుపులా అనుకోండి. బందునుంచి ఎంత దూరమైతే అంత వేగం. కదిలే వస్తువులో ఉండే శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, కొసలో ఉన్న 1 గ్రాము రెక్క సగం దగ్గరి 4 గ్రాములతో సమానం, మొదటి మూడోవంతు దగ్గరి 9 గ్రాములతో సమానం. నిజం విల్లు తలుపులా ఒక్కచోటే మడవదు గనుక అంకెలు కాస్త అటూఇటూ అవుతాయి, తీరు మాత్రం ఇదే.

ఇప్పుడు మన విల్లుకు వద్దాం. రెక్క చివరి 15 సెం.మీ.లో సగటు వెడల్పు 20 మి.మీ., మందం 13 మి.మీ. ఉందనుకుందాం. సగటు వెడల్పును 13 మి.మీ.కు దించితే పోయే చెక్క 0.7 × 1.3 × 15, అంటే 13.6 ఘన సెంటీమీటర్లు. హికరీ ఘన సెంటీమీటరుకు సుమారు 0.8 గ్రాములు తూగుతుంది. ఒక్కో కొసనుంచి 11 గ్రాములు, రెండింటికీ కలిపి 22 గ్రాములు. ఈ విల్లుతో వేసే 450 గ్రెయిన్ల బాణం మొత్తం బరువే 29 గ్రాములు! కొసల్లో ఆ 22 గ్రాములు ఉంచేస్తే, ప్రతి బాణంతో పాటు చెక్కముక్కలను కూడా విసురుతున్నట్టే. తేడా ఏమిటంటే బాణం వెళ్లిపోతుంది, చెక్కముక్కలు వెళ్లవు. వాటిలో చేరిన శక్తి నారి ఒక్కసారిగా బిగుసుకున్న క్షణంలో పిడిలోకి, అక్కడినుంచి మణికట్టులోకి దిగుతుంది. చేతి అదురు అనేది ఇదే.

1930ల ప్రాంతంలో అమెరికాలో క్లారెన్స్ హిక్‌మన్, పాల్ క్లాప్‌స్టెగ్ లాంటి భౌతిక శాస్త్రవేత్తలు విల్లును ఇలా లెక్కలతో విప్పి చూశారు. బాణానికి అందకుండా పోయే శక్తినంతా, బాణంతో పాటు అదే వేగంతో పరిగెత్తే ఒక అదనపు బరువుగా చూడటం క్లాప్‌స్టెగ్ పద్ధతి. దానికి ‘వర్చువల్ మాస్’ అని పేరు. విల్లు మారకపోతే ఆ బరువు ఏ బాణానికైనా ఇంచుమించు ఒకటే. అందుకే తేలిక బాణం వేసినప్పుడు బరువు కొసల విల్లు మరీ బండగా అనిపిస్తుంది.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూడొచ్చు. ఇప్పటి రెండు రూపాయల బిళ్ల నాలుగైదు గ్రాములుంటుంది. పూర్తయిన విల్లుకు ఒక్కో కొసన ఒక్కో బిళ్ల, నారి కూర్చునే గాడికి కాస్త కిందుగా వీపువైపు టేపుతో గట్టిగా చుట్టి ఆరు బాణాలు వేయండి. తీసేసి మళ్లీ ఆరు వేయండి. కొలిచే యంత్రం అక్కర్లేదు, చెయ్యే చెబుతుంది.

తగ్గించాల్సింది వెడల్పు

తేలిక చేయాలన్నది తేలింది. ఏ వైపునుంచి చేయాలన్నది అసలు చిక్కు. చెక్క బిగువు, అంటే వంగకుండా నిలిచే గట్టిదనం, వెడల్పుతో పాటు సమానంగా తగ్గుతుంది: వెడల్పు సగమైతే బిగువు సగం. మందం విషయంలో మాత్రం ఘనం లెక్క. మందం సగమైతే బిగువు ఎనిమిదో వంతు. పదో వంతు మందం తీసినా బిగువులో నాలుగో వంతుకు పైగా పోతుంది.

20 మి.మీ. వెడల్పు, 10 మి.మీ. మందం ఉన్న కొస తీసుకోండి. వెడల్పును 10కి తెస్తే బిగువు సగమవుతుంది, బరువూ సగమవుతుంది. వెడల్పు ముట్టుకోకుండా మందాన్ని 10 నుంచి 8కి దించినా బిగువు ఇంచుమించు సగమే అవుతుంది. కానీ బరువు తగ్గింది అయిదో వంతే. కోల్పోయిన బిగువు ఒకటే, మిగిలిన లాభంలో రెండున్నర రెట్ల తేడా! కొసను పొట్టవైపు గీకడం ఎందుకు దండగో చెప్పడానికి ఇంతకంటే అక్కర్లేదు.

ఇంకో అడుగు వేయొచ్చు. వెడల్పు సగం చేసి, మందం 10కి బదులు 12.6 ఉండేలా ముందే జాగ్రత్తపడితే, బిగువు ఏమాత్రం తగ్గకుండానే బరువు 63 శాతానికి దిగుతుంది. సన్నగా, కాస్త ఎత్తుగా ఉన్న కొస అంటే ఇదే. మధ్య ఆసియా కొమ్ము విళ్ల కొసల్లో వంగని చెవులు కూడా ఇలాగే ఉంటాయి: ముందునుంచి చూస్తే సన్నం, పక్కనుంచి చూస్తే మందం. డెన్మార్క్‌లో దొరికిన మధ్యశిలాయుగపు మోలెగాబెట్ విల్లులోనూ వెడల్పైన రెక్క ఒకచోట ఉన్నట్టుండి సన్నని కాడగా మారుతుంది. లెక్కలు తెలియకుండానే చేతులకు తెలిసిన సంగతి.

అయితే దీనికో హద్దు ఉంది. పక్కవాటు బిగువు వెడల్పు ఘనాన్ని బట్టి ఉంటుంది. 20 × 10 కొస పొట్టవైపు వంగే దిశలో కంటే పక్కకు నాలుగు రెట్లు గట్టి. 10 × 12.6 కొస పక్కకే బలహీనం. నారి రవ్వంత పక్కగా లాగినా అది ఆ వైపుకు ఒరుగుతుంది. కంటికి కనిపించేలా వంగే చోట వెడల్పు మందం కంటే తక్కువ కాకూడదు. వంగని చివరి నాలుగంగుళాల్లో మాత్రం తగ్గినా ఫరవాలేదు.

అంత సన్నం చేస్తే విరగదా? రెక్క మీద పడే వంపు భారం కొప్పు దగ్గర సున్నా, పిడివైపు వస్తున్నకొద్దీ దూరంతో పాటు పెరుగుతుంది. కొప్పుకు 50 సెం.మీ. దూరంలో 45 × 12 మి.మీ. చెక్క ఎంత ఒత్తిడి మోస్తుందో, 5 సెం.మీ. దూరంలో 8 × 9 మి.మీ. చెక్క మీద పడేదీ ఉజ్జాయింపుగా అంతే. కొసలు నేరుగా వంగి విరగడం అరుదు. అవి పోయేది గాడి దగ్గర చీలిక వల్ల, పక్క మెలి వల్ల, లేదా కొంచెం కిందుగా ఏర్పడ్డ మడత వల్ల, అంటే వంపంతా ఒక్కచోటే పేరుకోవడం వల్ల.

వంపు ఎక్కడిదాకా రావాలి

పిడినుంచి కొస దాకా వెడల్పు ఒకే తీరుగా తగ్గుతూ మందం సమంగా ఉండే పిరమిడ్ విల్లు గుండ్రని చాపంలా వంగాలి. మన ఉదాహరణలోలా సగం దాకా ఒకే వెడల్పున్న రెక్కకు మందం క్రమంగా తగ్గాలి, వంపు మధ్య మూడోవంతులో ఎక్కువ, చివరి ఆరంగుళాల్లో దాదాపు లేనట్టు ఉండాలి. ఇంటర్నెట్‌లో కనిపించిన ఏదో ఒక వంపు బొమ్మను పట్టుకుని అన్ని విళ్లనూ దానికి సరిచేయబోతే చెక్క ఒప్పుకోదు. ముందు ఆకారం, దాన్ని బట్టే వంపు.

కొసలు ఎక్కువ వంగితే నష్టం రెండు విధాలు. ఒకటి, సన్నని చోట వంపంతా పేరుకుని పొట్టవైపు నలుగుడు గీతలు పడతాయి. గోటితో అడ్డంగా గీసినట్టు సన్నని గీతలవి. వీటిని శాండ్‌పేపర్‌తో రుద్దేసి పోయాయనుకోవద్దు, లోపల నార నలిగిపోయి ఉంటుంది. రెండోది నారి కోణం. పూర్తిగా లాగినప్పుడు నారికీ కొసకూ మధ్య కోణం 90 డిగ్రీలు దాటితే అంగుళం అంగుళానికీ లాగుడు బరువు ఉన్నట్టుండి ఎక్కుతుంది, శక్తి మాత్రం ఆ మేరకు చేరదు. కొస విలుకాడి వైపుకు ముడుచుకున్నకొద్దీ ఆ హద్దు త్వరగా వచ్చేస్తుంది. తిన్నగా నిలిచే కొస ఆ కోణాన్ని తక్కువగా ఉంచుతుంది.

చేసే వరుస

కొసను సన్నం చేయడం చివరి పనే. కానీ దాన్ని లెక్కలో పెట్టుకుని మొదటి రోజునుంచీ చెక్క వదలాలి. చాలామంది జారిపోయేది ఇక్కడ. 20 మి.మీ. కొసతో టిల్లరింగ్ అంతా చక్కగా ముగించి, వంపు ముచ్చటగా కుదిరిందని సంబరపడి, ఆపైన కొసలను 10 మి.మీ.కు దించుతారు. అక్కడ బిగువు సగం పోయింది. నిన్నటి చక్కని వంపు ఇవాళ కొరడా వంపు. దాన్ని సరిచేయాలంటే మిగిలిన రెక్కంతా పలచన చేయాలి, 40 పౌండ్ల విల్లు 30కి దిగుతుంది.

అందుకని మొదట కొప్పు దగ్గర 20 మి.మీ. వెడల్పు ఉంచండి. పొట్టవైపు చెక్క తీస్తూ వచ్చి, కొసను నేలకు ఆనించి నొక్కితే రెక్క వంగుతున్నట్టు కనిపించే స్థితికి తెచ్చాక తాత్కాలికంగా గాడులు కోయండి. వీపు అంచులను అంతకుముందే 3 మి.మీ. గుండ్రం చేసి ఉంచాలి, పదునైన అంచు దగ్గరే పీచు లేస్తుంది. పొడుగు నారితో, పిడిని పట్టి ఉంచే స్టాండు మీద పెట్టి, కప్పీ మీదుగా తాడుతో లాగి, దూరంగా పక్కకు నిలబడి చూడండి. విల్లుకు సూటిగా ఎదురుగా మాత్రం నిలబడొద్దు. కొసలు రెండూ నాలుగైదు అంగుళాలు సమంగా దిగాక, పొట్టి నారితో పిడికీ నారికీ మధ్య మూడంగుళాల ఎడం ఉండేలా ఎక్కుపెట్టండి.

నారి సూటి తేలేది ఈ దశలోనే. కొసనుంచి కొసకు చూస్తే నారి పిడి నడిమి గీత మీదుగా పోవాలి. 20 మి.మీ. వెడల్పు వదిలింది ఇందుకే. నారి ఎడమకు జరిగి ఉంటే కొస ఎడమ అంచునుంచి చెక్క తీసి, ఆ వైపు గాడిని లోపలికి జరపండి. రెండు గాడుల నడిమి బిందువు కుడికి జరుగుతుంది, నారీ జరుగుతుంది. ఒక్కో కొసలో రెండు మూడు మిల్లీమీటర్ల జరుగుబాటు వల్ల పిడి దగ్గర తేడా స్పష్టంగా కనిపిస్తుంది. రెక్కే మెలి తిరిగి ఉంటే అంచులు తీసి లాభం లేదు. నారి ఒరిగిన వైపు బలహీనమని లెక్క, దానికి ఎదుటి వైపు పొట్టమీద కొద్దిగా చెక్క తీసి మళ్లీ చూడాలి.

సూటి కుదిరాక కొసలను 15 మి.మీ.కు దించి టిల్లరింగ్ కొనసాగించండి. ఆరంగుళాల చెక్కదిమ్మకు నడుమ చిల్లు పెట్టి పెన్సిల్ దూర్చిన చిన్న పనిముట్టు ఇక్కడ కంటికంటే నమ్మకమైనది. ఎక్కుపెట్టిన విల్లు పొట్ట మీద దిమ్మను ఆనిస్తే వంపు వల్ల నడుమ సందు ఏర్పడుతుంది. బాగా వంగిన చోట పెన్సిల్ ముక్కు చెక్కకు అంటీ అంటనట్టు బిగించి, దిమ్మను రెక్క పొడవునా జరపండి. తక్కువ వంగిన చోటల్లా పెన్సిల్ గీత పడుతుంది. గీత పడ్డచోటే గీకాలి. చివరి ఆరంగుళాల్లో మాత్రం గీత పడనివ్వండి, ముట్టుకోవద్దు. అక్కడ బిగువు ఉండాలనే కదా మన కోరిక.

గీకిన ప్రతిసారీ విల్లును ఇరవై ముప్ఫై సార్లు లాగి వదలాలి, లాగుతూ తాడును చేతుల్లోనే మెల్లగా వదలాలి తప్ప ఒక్కసారిగా కాదు. తీసిన చెక్క ప్రభావం వెంటనే బయటపడదు, లాగుతుంటే పడుతుంది. లాగని విల్లును చూసి ఇంకొంచెం గీకినవాళ్లు అరగంట తర్వాత మడతను కనుక్కుంటారు. కోరుకున్న లాగుడు బరువును ఏ దశలోనూ దాటొద్దు: 20 అంగుళాలకే 40 పౌండ్లు వస్తే 20 దగ్గరే ఆగి గీకాలి. బరువు తూచడానికి ప్రత్యేక సామాను అక్కర్లేదు. అమెరికా ప్రయాణాల పుణ్యమా అని మనవాళ్ల ఇళ్లలో ఉండే లగేజి త్రాసు చాలు, 18 కిలోల దగ్గర కన్నేసి ఉంచండి.

24 అంగుళాలకు వచ్చేసరికి విల్లు ఇలా ఉండాలి: రెండు రెక్కలూ సమంగా వంగుతూ, కొసలు మాత్రం చూడటానికి కాస్త మొరటుగా, అవసరమైన దానికంటే బిగువుగా. అనుకున్న లాగుడు బరువు నాలుగంగుళాలు ముందే ఇంచుమించు వచ్చేసి ఉండాలి. ఇప్పుడు కొసల పని. పక్క అంచులను రెక్క మధ్యనుంచి మొదలుపెట్టి కొప్పు దాకా ఒకే వాలుగా తీయండి, చివర 10 లేదా 11 మి.మీ. మిగలాలి. వడ్రంగి లెక్కలో మూడు నూళ్లకు కొంచెం పైన (నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు). మొదటి విల్లుకు అంతకంటే కిందికి దిగొద్దు. కొసలో మాత్రమే అంచులు తీసి, పైన వదిలేస్తే మెడ పడుతుంది, వంపు ఆ మెడ దగ్గరే మడుస్తుంది. గరుకు ఆకురాయితో రెండు పక్కలా సమానంగా పది పది తోపులు, ఆపైన వెర్నియర్ కాలిపర్‌తో కొలత. పక్కలు కుదిరాక పొట్టవైపు రెండు అంచులనూ ఏటవాలుగా తీస్తే కొన్ని గ్రాములు పోతాయి, బిగువు పెద్దగా పోదు.

సన్నం చేశాక మళ్లీ ఎక్కుపెట్టి, లాగి, దిమ్మ జరిపి చూడండి. కొసలు ఇప్పుడు కొద్దిగా ప్రాణం పోసుకుని ఉంటాయి. చివరి నాలుగంగుళాల లాగుడును స్క్రేపర్‌తో, 80 గ్రిట్ శాండ్‌పేపర్‌తోనే రాబట్టాలి, ఆకురాయి ఇక పక్కన పెట్టేయండి. పిడికీ నారికీ ఎడం ఆరంగుళాలకు పెంచి, కింది రెక్క నారికి 3 నుంచి 6 మి.మీ. దగ్గరగా, అంటే పై రెక్క కంటే రవ్వంత బిగువుగా ఉండేలా ముగించండి. బాణం పిడికి పైగా ఉంటుంది, ఒక వేలు బాణానికి పైన, రెండు కింద పట్టుకుంటాయి. ఆ లాగుడులో కింది రెక్క మీద భారం ఎక్కువ.

గాడి

కొస చివరనుంచి 15 నుంచి 18 మి.మీ. కిందికి, రెండు పక్కలా గాడి. 4 మి.మీ. గుండ్రటి ఆకురాయి సరిపోతుంది. గాడి అడ్డంగా కాకుండా ఏటవాలుగా ఉండాలి: వీపు అంచు దగ్గర కొసవైపుకు ఎత్తుగా, పొట్ట దగ్గర పిడివైపుకు దిగుతూ, సుమారు 45 డిగ్రీలు. ఎక్కుపెట్టినప్పుడు నారి ఉచ్చు ఒరిగే దారి అదే. లోతు 2 మి.మీ. చాలు. నారి సగం లోపలికి కూర్చుంటే జారదు. వీపు మీదుగా గాడి కోయొద్దు, సాగే నారను అక్కడ అడ్డంగా తెంచినట్టవుతుంది. గాడి అంచులను మడిచిన శాండ్‌పేపర్‌తో వేలికి తగలనంత నున్నగా చేయండి. నారి పోగులు తెగడానికి కారణం చాలాసార్లు నారి కాదు, ఆ అంచు.

ఇలాంటి విల్లుకు బి-50 డాక్రాన్ అనే పాలిస్టర్ దారం పోగులు 12 నుంచి 14 సరిపోతాయి. డాక్రాన్ కొంచెం సాగుతుంది కాబట్టి రెక్క ఆగే దెబ్బను అదే మింగుతుంది. కప్పీలుండే కాంపౌండ్ విళ్లకు వాడే సాగని దారాలు తెచ్చి కడితే ఆ దెబ్బంతా గాడిలో పడుతుంది, సన్నని నారి కత్తిలా దిగి కొసను నిలువునా చీలుస్తుంది. అలాంటి నారి కావాలంటే కొసకు అతుకు వేయక తప్పదు.

అతుకు, కొమ్ము

గట్టి చెక్కనో బర్రెకొమ్మునో 40 మి.మీ. పొడవు, 6 మి.మీ. మందం ముక్కగా కోసి, కొస వీపు మీద ఎపాక్సీతో అతికి, గాడిని అందులో తీస్తారు. దాన్ని కూర్చోబెట్టడానికి వీపు నారను కొంచెం వాలుగా తీయాల్సి వస్తుంది. చివరి 40 మి.మీ.లో వంపు భారం దాదాపు ఉండదు కాబట్టి అక్కడ మాత్రమే ఆ తప్పుకు క్షమాపణ. అతుకు వేస్తే గాడి వీపు మీదుగా కూడా పోవచ్చు, కాబట్టి కొసను ఇంకా సన్నం చేయొచ్చు. బరువు పెంచే పనిలా కనిపించినా చివరికి బరువు తగ్గేది ఇలా. మన వైపు నల్లతుమ్మ చేవ దీనికి బాగుంటుంది. కొమ్ము కావాలంటే పర్లాకిమిడిలో కొమ్ము పనివాళ్లు చెక్కేది ఆవు, గేదె కొమ్ములే. జింక కొమ్ము జోలికి మాత్రం పోవద్దు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో పెట్టుకున్నట్టే.

ఇంగ్లండ్‌లో యూ అనే చెట్టు చెక్కతో చేసిన విళ్లకు కొమ్ము కొప్పులు తొడగడం వెనక ఉన్న కారణమూ ఇదే. యూ మెత్తని చెక్క, పెద్ద లాగుడు బరువున్న విల్లు నారి నేరుగా పడితే గాడి నిలవదు. 1545లో మునిగి 1982లో పైకి తీసిన ఇంగ్లండ్ యుద్ధనౌక మేరీ రోజ్‌లో నూటికి పైగా విళ్లు దొరికాయి. కొమ్ము చాలావరకు నీటిలో కరిగిపోయింది, కానీ కొసలు కోసుగా చెక్కి, కొమ్ము తొడుగు ఉన్నంత మేర రంగు తేడాగా మిగిలాయి. చెక్క ఎక్కడ ఆగి కొమ్ము ఎక్కడ మొదలైందో నాలుగు వందల ఏళ్ల తర్వాత కూడా కొలవగలిగారు. మధ్య భారతంలో భిల్లుల వెదురు విల్లు ఈ చిక్కును ఇంకో దారిలో దాటింది. అక్కడ నారి కూడా వెదురు పేడే. వెడల్పైన పేడు సన్నని గాడిని కోయదు.

చెడినప్పుడు

గాడి కింద సన్నటి నిలువు చీలిక కనిపిస్తే ఆ రోజుకు బాణం వేయడం ఆపేయండి. పలచని సూపర్ గ్లూ చీలికలోకి పీల్చుకునేలా వదిలి, ఆరాక గాడికి కిందుగా 20 మి.మీ. మేర సిల్కు దారం పక్కపక్కన చుట్టి మళ్లీ గ్లూ పట్టించాలి. చీలిక వీపు అంచును దాటి పక్కకు పోతే మాత్రం ఆ కొస కోసి, విల్లును అంగుళం పొట్టి చేసి కొత్త గాడి తీయడమే నయం. రెండో కొసనూ అంతే కోయాలి.

కొసకు ఏడెనిమిది అంగుళాల కింద మడత పడితే ఆ చోటును మరి ముట్టుకోకూడదు. దానికి రెండు వైపులా, ముఖ్యంగా పిడివైపు చెక్క తీసి వంపును పంచాలి. లాగుడు బరువు తగ్గుతుంది, వేరే దారి లేదు.

విడిచిన ప్రతిసారీ కొస పక్కకు కొట్టుకుంటున్నట్టు, నారి ముంజేతిని ఒక్కోసారి ఒక్కోచోట తాకుతున్నట్టు ఉంటే, కొసను వెడల్పు మించి మందంగా వదిలిన పొడవు ఎక్కువైందని అర్థం. ఇక్కడ పొట్టవైపు ఒక మిల్లీమీటరు తీయడం సబబే, అదీ చివరి నాలుగంగుళాలకు పైన, వంగే చోట మాత్రమే.

వానాకాలంలో కోస్తాలో అంతా బాగున్న విల్లు కూడా మెత్తబడుతుంది. హికరీ తేమను ఇట్టే పీల్చుకుంటుంది, పొడిగా ఉన్నప్పుడే బాగా పని చేస్తుంది. అలాంటి నెలల్లో కొసల వంపును చూసి తొందరపడి గీకొద్దు. వంటింటి త్రాసు మీద విల్లును రోజూ తూచి, బరువు తగ్గడం ఆగేదాకా గాలి ఆడే పొడి చోట పెట్టి, ఆ తర్వాతే చూడాలి.

విల్లు ముగిసిన రోజున నారి తీసి, తెల్లకాగితం మీద పక్కవాటున పెట్టి రెండు కొసల అంచు వెంబడీ పెన్సిల్‌తో గీత గీయండి. ఒక్కో కాగితం మీద ఏ కొసదో, తేదీ, కొప్పు దగ్గరి వెడల్పు, మందం రాసి దాచండి. రెండు వందల బాణాల తర్వాత అదే కాగితం మీద మళ్లీ పెడితే, వంపు కొసల్లో మిగిలిపోయిందా లేదా అన్నది గీతలే చూపిస్తాయి. తర్వాతి విల్లుకు కొస ఎంత వదలాలో ఆ కాగితం చూసి నిర్ణయించుకోవచ్చు.